బిరడాకి దొర చుట్టు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి ముందే చెప్పేస్తున్నాను. నేను ఎన్నో ఏట హెడ్ మెకానిక్‌నయ్యానో, ఏ టౌకే నాకు ఏ కాయితం ఇచ్చాడో ఇందులో వెతక్కండి. మా మలేషియాలో షాపు యజమానిని టౌకే అంటాం. ఆ కాయితాలన్నీ తెచ్చి చూపించినా ఒక్క నట్టు ఊడిరాదు. దాదాపు యాభై ఏళ్ళు బళ్ళ కింద గడిపినవాణ్ణి, కింద నుంచి చూసిందే చెప్పగలను. అందులోనూ ఎక్కువగా ఒకే ఒక్క వస్తువు గురించి చెబుతాను. అది గేర్ బాక్సు అడుగున ఉంటుంది, బొటనవేలంత లావు. పాత నూనె దింపాలంటే దాన్నే విప్పాలి. కంపెనీ పుస్తకంలో దాని పేరు డ్రెయిన్ ప్లగ్. మా పైడయ్య చిన్నాన్న దాన్ని బిరడా అనేవాడు. నాకూ నోటికి ఆ మాటే వస్తుంది.

బండి పొట్ట కింద

నేను పుట్టింది బంటింగ్ దగ్గర ఒక రబ్బరు తోటలో. ఆ రబ్బరు కొట్టేసి పామాయిల్ వేశారు. తరవాత పామాయిల్ కూడా కొట్టేసి ఫ్యాక్టరీలు కట్టారు. ఇప్పుడు బస్సులో క్లాంగ్ వెళుతుంటే మా ఇల్లు ఎక్కడ ఉండేదో కిటికీలోంచి వెతుకుతాను. ఒక్కోసారి దొరికినట్టే ఉంటుంది, ఈలోగా బస్సు ముందుకు వెళ్ళిపోతుంది.

పదిహేడో ఏట చదువు మానేసి తోట వర్క్‌షాపులో చేరాను. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ మట్టి నేల, మధ్యలో నిలువెత్తు గుంట. లారీని ఆ గుంట మీదికి తెచ్చి ఆపేవాళ్ళు. నేను దిగి పైకి చూసేవాణ్ణి. మొదటి రోజు భయం వేసింది. వారం తిరిగేసరికి అక్కణ్ణుంచి పైకి రావాలనిపించేది కాదు. మధ్యాహ్నం వాన పట్టుకుంటే రేకుల చప్పుడుకి పైవాళ్ళ అరుపులు వినబడవు. వేడి నూనె ముందు బుడబుడమని దిగుతుంది, తరవాత సన్నగా దారం కడుతుంది, ఆ తరవాత చుక్కలు. గేర్ ఆయిల్‌కి కాలిన అగ్గిపుల్ల లాంటి ఘాటు వాసన. ఆ వాసనలో నిలబడి, చుక్కకీ చుక్కకీ మధ్య ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చేవాణ్ణి. మా అమ్మ కొబ్బరి కోరే చప్పుడు వినబడేది. ఎన్నడూ చూడని మా తాత ఊరు కనబడేది. విజయనగరం పక్కన ఎక్కడో ఉందట. నేను ఈ రోజుకీ చూడలేదు.

మా ఆవిడ ఎత్తిపొడిచేది. "నువ్వు గుంటలో నిద్దరోయి వచ్చి, దానికి పనని పేరెడతన్నావు" అని. సగం నిజమే. మిగతా సగం కూడా నిజమేనేమో. కానీ ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. నూనె పూర్తిగా దిగేదాకా ఆగలేక ఫోన్ తీసేవాళ్ళని ఇప్పుడు చూస్తున్నాను. అంత తొందర ఉన్నవాడు ఇంకో పని చూసుకోవడం మంచిది.

పైడయ్య చిన్నాన్న

పైడయ్య చిన్నాన్న మా నాన్నకి పినతండ్రి కొడుకు. వర్క్‌షాపుకి ఫోర్‌మన్. పొట్టి మనిషి, మాట తక్కువ, కోపం ఎక్కువ. నేను చేరిన రెండో రోజే బిరడా బిగించడం నేర్పాడు. పానా పెట్టి నా ఓపికంతా చూపించాను.

"అయిపోనాది చిన్నాన్నా" అన్నాను.

ఆయన గోడకి ఆనించిన మూరెడు ఇనప గొట్టం తెచ్చి పానా కాడకి తొడిగాడు.

"ఇప్పటిదాకా ఏసింది నీ సుట్టు. ఇప్పుడు దొర సుట్టు ఎయ్యి."

"ఇంకేటి బిగుత్తాది? మర అరిగిపోద్ది."

"మర అరిగితే ఇనుము పోతాది. నూనె కారితే మనం పోతాం. ఎయ్యరా ఎదవా!"

వేశాను. గొట్టం మీద వేలాడి వేశాను. అంతటితో అయిపోలేదు. ఉక్కు మేకు, సుత్తి చేతికిచ్చి బిరడా తల మీద గుర్తు కొట్టమన్నాడు. ఎవడు బిగించిన దానిమీద వాడి గుర్తు ఉండాలి, అది ఆ వర్క్‌షాపు కట్టుబాటు. నాకు రెండు చుక్కలు ఇచ్చాడు.

ఈ చుట్టు ఎందుకో, ఈ గుర్తు ఎందుకో మా అమ్మ చెప్పింది. తోటలో తెల్లవారకముందే కూలీలందరినీ వరసగా నిలబెట్టి పనులు పంచేవాళ్ళు, దాన్ని పెరట్టు అనేవాళ్ళం. తోట మేనేజరుని దొర అనేవాళ్ళం. ఆయన పెరట్టుకి వచ్చే ముందు టార్చిలైటు వేసి లారీల కింద నేల చూసేవాడట. ఒకనాడు ఒక లారీ కింద చారెడంత నూనె మరక కనబడింది. ఎవడు బిగించాడని అడిగితే పైడయ్య చిన్నాన్న ముందుకొచ్చాడు. నూనె తొట్టి నెత్తిన పెట్టి, పెరట్టు అయ్యేదాకా ఆ లారీ పక్కనే నిలబెట్టాడు దొర. పెళ్ళయి నెల కూడా కాలేదు. కొత్త పెళ్ళికూతురు, మా పిన్ని, ఆడవాళ్ళ వరసలో నిలబడి చూసింది. నూనె చెవి పక్కనుంచి మెడలోకి కారుతున్నా ఆయన చెయ్యెత్తి తుడుచుకోలేదట. ఆ తరవాతే దొర చుట్టు పుట్టింది. గుర్తు కూడా అప్పుడే పుట్టింది, ఒకడి తప్పుకి ఇంకొకడు తొట్టి మొయ్యకూడదని.

ఇది విన్నాక ఆ గొట్టం మీద నేను ఇంకా గట్టిగా వేలాడాను. పదిహేడేళ్ళ వాడికి అంతకన్నా ఏం కావాలి? నేను బిగించిన బిరడా ఒక్కటీ కారలేదు. తోట పోయాక బంటింగ్ పట్నంలో ఆసెంగ్ టౌకే వర్క్‌షాపులో చేరినా అదే పద్ధతి. ఇరవై ఏళ్ళు ఆయన దగ్గర చేశాను. "మా అంకుల్ బిగిస్తే చుక్క పడదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. నేను వినబడనట్టు నటించేవాణ్ణి గానీ ఛాతీ మాత్రం పొంగేది.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. తోట లారీల గేర్ బాక్సులు పోత ఇనుము. ఎంత బిగించినా ఓర్చుకునేవి. తరవాత వచ్చినవి అల్యూమినియం, మెత్తని లోహం. అందులో ఉక్కు బిరడాని గొట్టం వేసి బిగిస్తే మర నలిగి, కాలం గడిచేకొద్దీ రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఇది నాకు తెలియదా? తెలుసు. దొర పోయాడు, తోట పోయింది, పోత ఇనుము పోయింది. నా చేతికి మాత్రం ఆ కబురు అందలేదు.

ముందు పైది, తరవాతే కిందది

నా తప్పుల్లో చెప్పుకోదగ్గది ఒకటి. గేర్ బాక్సుకి రెండు బిరడాలుంటాయి. కిందది నూనె దింపడానికి, పక్కన కాస్త పైనున్నది కొత్త నూనె పొయ్యడానికి. చేరిన ఏడాదే, పామాయిల్ గెలలతో నిండిన లారీ కింద దూరి హుషారుగా కిందది విప్పేశాను. నూనె మొత్తం దిగిపోయింది. తీరా పైది విప్పబోతే ససేమిరా రాలేదు. తల అరిగి గుండ్రమైంది. నూనె లేని బండి కదలకూడదు, గెలలు ఆలస్యమైతే పాడైపోతాయి.

పైడయ్య చిన్నాన్న తిడతాడని కళ్ళు మూసుకున్నాను. ఆయన లారీలోకి ఎక్కి, గేరు రాడ్డు ఊడదీసి, ఆ కన్నంలో గరాటు పెట్టి నూనె పోశాడు. కిందికి దిగి, "నోరు తెరిసి సూడకుండా పొట్ట కాళీ సేసినావు, ఇంకెప్పుడూ సెయ్యకు" అన్నాడు. అంతే. అందుకని మీరు పైది ఊడాకే కింద చెయ్యి పెట్టండి. ఇది నేను మీకు ఊరికే ఇస్తున్నాను, నాకు మాత్రం చాలా ఖరీదు పడింది.

హేమ మూడు నెలలు

నేను పని మానేసి ఐదేళ్ళయ్యాక జరిగిన సంగతి ఇది. పని మానేసినా పొద్దున్నే ఆసెంగ్ టౌకే వర్క్‌షాపుకి వెళ్ళి ఒక తే తారిక్, అంటే నురగ టీ, తాగి వచ్చేవాణ్ణి. అలవాటు చావలేదు.

అప్పటికి అక్కడ హేమ అనే అమ్మాయి చేరింది. మా వీధి చివరి ఇంటివాళ్ళ పిల్ల, ఇరవై మూడేళ్ళు. పాలిటెక్నిక్‌లో బండ్ల పనే చదువుకుంది. టౌకే ఆమెని బిల్లులు రాసే కౌంటరు మీద కూర్చోబెట్టాడు. గుంటలో పని కావాలని ఆమె పోట్లాడితే మూడు నెలలు చూస్తానన్నాడు. ఇంట్లో వాళ్ళ అమ్మకి ఇష్టం లేదు. షాపులో మగవాళ్ళకి నవ్వులాట. ఆమె మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా పని చేసుకుపోయేది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. నాతో మాత్రం కష్టపడి మాట్లాడేది.

ఆ మూడు నెలల్లో ఆఖరి శనివారం. నేను వెళ్ళేసరికి గుంట మీద ఒక పాత స్కూలు వ్యాను ఉంది. దాని యజమాని పాక్ దిన్ మంచి మనిషి, పిల్లల్ని బడికి తిప్పుకుని బతుకుతాడు. మూడో గేరులో మోత వస్తోందని, గేర్ ఆయిల్ మార్చమని రెండు రోజుల కిందట వదిలి వెళ్ళాడట. పై బిరడా ఊడింది. కిందది రెండు రోజులుగా మొండికేసి కూర్చుంది. హేమ గుంటలో ఉంది, ముంజేతికి గుడ్డ చుట్టుకుని.

ఆసెంగ్ టౌకే నన్ను చూడగానే, ఇక్కడ అందరిలాగే మాట చివర "లా" తగిలిస్తూ, మలాయిలో అందుకున్నాడు. "చూడు అంకుల్, నీ రోజుల్లో ఇలాంటి గోల ఉండేదా? ఆడపిల్ల చెయ్యి లా, ఎక్కడి నుంచి వస్తుంది బలం? పన్నెండింటికి పాక్ దిన్ వస్తాడు. అప్పటికి ఊడితే సరే. ఊడకపోతే బండి అలాగే ఇచ్చేస్తాను, సోమవారం నుంచి ఈమె కౌంటరు మీదే." ఆయన దుర్మార్గుడు కాదు. కానీ ఒకసారి నోరు జారాక వెనక్కి తీసుకునే రకం కాదు. హేమకి అంతా వినబడింది. పానా పడేసి, గోడ వైపు తిరిగి నిలబడింది.

నేను గుంటలోకి దిగాను. టార్చి వేసి చూశాను. మూలలు కాస్త అరిగిన బిరడా తల. దాని మీద మసి తుడిచాను. రెండు చుక్కలు.

ఆరేళ్ళ కిందట, నేను పని మానేసే ముందు ఏడాది, ఈ వ్యానుకి నూనె మార్చింది నేనే. గొట్టం వేసి వేలాడిందీ నేనే. ఆ తరవాత దీని గేర్ బాక్సు ఎవరూ ముట్టుకోలేదు.

చెప్పాల్సిన సమయం అదే. "టౌకే, తప్పు నాది" అనడానికి ఎంతసేపు? పైన ఇంకా ఆయన నన్ను పొగుడుతూనే ఉన్నాడు. నేను టార్చి ఆర్పేశాను.

"బండి సల్లగా ఉంది. తిప్పి ఎచ్చబెట్టి తెద్దాం, పద" అన్నాను హేమతో.

మోరిబ్ దాకా

బిరడా మొండికేస్తే ముందే సుత్తి తియ్యకండి, తాళం చెవి తియ్యండి. నూనె ఇంకా దించలేదు కాబట్టి బండి నడుస్తుంది. అరగంట తిప్పితే గేర్ బాక్సు వేడెక్కుతుంది. అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు వదులవుతుంది. కొందరు మంట పెట్టి వేడి చేస్తారు. పక్కనే పెట్రోలు గొట్టం ఉంటుంది, వద్దు. బయలుదేరే ముందు బిరడా చుట్టూ తీగ బ్రష్షుతో శుభ్రం చేయించి, తుప్పు వదిలించే నూనె కొట్టించాను.

హేమ నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. మోరిబ్ సముద్రం దాకా వెళ్ళే దారి అది. రెండు వైపులా పామాయిల్ చెట్లు, మధ్యమధ్యలో కొత్త ఇళ్ళ వరసలు, మళ్ళీ చెట్లు. వ్యాను సీట్ల మీద పిల్లలు పెన్నుతో రాసిన పేర్లున్నాయి. మూడో గేరులో పడ్డప్పుడల్లా కింద నుంచి సన్నని మూలుగు. ఆ మూలుగు వింటూ ఉంటే నాకు కళ్ళు బరువెక్కాయి. నేను బిగించిన బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ రోడ్డు మీద వస్తున్నట్టు కనబడింది. తోట లారీలు, పెళ్ళి కార్లు, కూరగాయల వ్యాన్లు. అన్నీ నా పిడికిలిని పొట్ట కింద పెట్టుకుని తిరుగుతున్నాయి. వాటిలో ఎన్ని పాత ఇనుముకి పోయాయో, ఎన్నిటి కింద ఇంకా ఎవరో చెయ్యి నొప్పితో తిట్టుకుంటున్నారో.

సముద్రం దగ్గర బండి ఆపింది, ఇంజను ఆపలేదు. ఆటు సమయం. నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి బురద మెరుస్తోంది. సరుగుడు చెట్లు ఊగుతున్నాయి.

"తాతా, ఒకటి అడగనా?" అంది స్టీరింగు వదలకుండా. "నా సెయ్యిలో బలం లేదు కదా? నిజం సెప్పు లా."

"ఎవులన్నారు?"

"అందరూ. అమ్మ కూడా. రెండు దినాలు ఆ ప్లగ్గు కదల్లేదు. రేత్రి మంచం మీద సెయ్యి సూసుకున్నాను. పుట్టుకే ఇట్టా పుట్టినాను, సదివి ఏటి లాభం అనుకున్నాను." ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

నోటి దాకా వచ్చింది. అమ్మా, అది నీ చెయ్యి కాదు, నా చెయ్యి అని. అంత చిన్న మాట. కానీ ఆ మాట అంటే యాభై ఏళ్ళ పేరు పోతుంది. నాకు ఆ పేరు తప్ప ఇంకేముంది అనిపించింది. నేను తల తిప్పి సముద్రం చూశాను.

"బండి ఎచ్చబడినాది. పోదాం" అన్నాను. నా బతుకులో నేను సిగ్గుపడే మాటలు కొన్ని ఉన్నాయి. అందులో ఇది మొదటిది.

పన్నెండు కాకముందే

తిరిగి వచ్చేసరికి పదకొండున్నర. హేమ గుంటలోకి దిగింది. నేను గట్టు మీద కూర్చున్నాను, పానా ముట్టుకోకూడదని ముందే అనుకున్నాను.

"ఆ పన్నెండు మూలల రింగు పానా తీసెయ్యి. ఆరు మూలల సాకెట్టు ఎట్టు. సుత్తితో మెల్లిగా తట్టి లోపలిదాకా దింపు." అరిగిన మూలల మీద పన్నెండు మూలల పానా జారుతుంది, ఆరు మూలలది బల్లపరుపు వైపులని పట్టుకుంటుంది.

"దింపినాను."

"ఇప్పుడు సుత్తితో బిరడా నడినెత్తి మీద నాలుగు దెబ్బలు కొట్టు. సూటిగా. ఆఁ. ఇప్పుడు ఎంట్రుకంత బిగించు."

"బిగించడం ఏటి తాతా? ఇప్పాలి కదా!"

"బిగువు వైపు కదిలితే పట్టు తెగుతాది. ఎంట్రుకంతే. ఇంక ఇప్పే వైపు తిప్పు, గింజుకుంటా లాగకు. ఒక సెయ్యి సాకెట్టు మీద ఎట్టి ఆపు, రెండో సేత్తో కాడ మీద ఒంటి బరువు మెల్లిగా ఎయ్యి. కుదుపు వద్దు. అట్టాగే ఉండు."

ఆమె అలాగే ఉంది. గోడ గడియారం వైపు నేను చూడలేదు. ఎంతసేపో తెలియదు. షాపులో రేడియో ఎవరో ఆపేశారు. టక్‌మని ఒక చప్పుడు వచ్చింది, ఎముక విరిగినట్టు.

"అలమాక్! ఊడిందా, ఇరిగిందా?" మలాయిలో అయ్యో అన్నట్టు అరిచింది హేమ.

"కింద తడి ఉందా సూడు."

"ఉంది. నల్లగా."

"ఊడిందే తల్లీ!"

గుంటలోంచి నవ్వు వినబడింది. నల్లటి నూనె తొట్టిలోకి దూకింది, పైనున్న నాకు ముక్కులు అదిరాయి. నూనె పూర్తిగా దిగనిచ్చి, మర శుభ్రం చేసి, కాయితంలా నలిగిపోయిన పాత వాషరు పడేసింది. కొత్త బిరడాకి కొత్త రాగి వాషరు వేసి, బిగువు కొలిచే పానాతో మూసింది. బిగువు సరిపోగానే ఆ పానా క్లిక్ అంటుంది. ఇంకొంచెం అని నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. పై కన్నంలోంచి కొత్త నూనె నింపి, అంచు దాకా వచ్చాక దాన్నీ మూసింది.

ఆసెంగ్ టౌకే, పాక్ దిన్ ఇద్దరూ వచ్చారు. టౌకే గుంటలోకి తొంగి చూసి, నా భుజం మీద చరిచాడు.

"చెప్పలా? మా అంకుల్ చెయ్యి పడితే ఊడక చస్తుందా!" పాక్ దిన్ కూడా నాకే దణ్ణం పెట్టినట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

హేమ పైకి వచ్చి నిలబడింది. తన గురించి తనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? నేను నోరు మూసుకుంటే చాలు, నా పేరు నిలబడుతుంది, ఆమె సోమవారం కౌంటరుకి పోతుంది. ఒక్క క్షణం అలా కూడా అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు.

పాత బిరడా తొట్టి పక్కన పడి ఉంది. తీసి గుడ్డతో తుడిచి టౌకే చేతిలో పెట్టాను.

"నేను పానా ముట్టుకోలేదు టౌకే. విప్పింది ఈ అమ్మాయి. రెండు చుక్కలు కనబడుతున్నాయా? అది నా గుర్తు. ఆరేళ్ళ కిందట గొట్టం వేసి బిగించింది నేను. అంత బిగించాల్సిన పని లేదు. ఉత్త బలంతో ఏ చెయ్యీ దీన్ని విప్పలేదు, నీ మగవాళ్ళు కూడా విప్పలేరు. ఈమె విప్పింది."

టౌకే బిరడాని అటూ ఇటూ తిప్పి చూశాడు. మరలో అల్యూమినియం పొట్టు ఇరుక్కుని మెరుస్తోంది. నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఇరవై ఏళ్ళు నన్ను చూసినట్టు మాత్రం చూడలేదు, ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ అలా చూడలేదు. బిరడా బల్ల మీద పెట్టి హేమతో అన్నాడు, "సోమవారం ఐస్ లారీ వస్తుంది. దాని గేర్ బాక్సు నువ్వే దింపు."

ఆ వెంటనే

హేమ నన్ను పట్టుకుని థ్యాంక్స్ చెబుతుందని మీరనుకుంటే పొరపాటు. నేనూ అదే పొరపాటు పడ్డాను. వాళ్ళిద్దరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది.

"ఆ సుక్కలు ఎప్పుడు సూసినావు తాతా?"

"పొద్దున్న."

"మోరిబ్‌కి ఎల్లక ముందేనా?"

"ఊఁ."

"నీ పక్కన కూకుని ఏడిసినాను. నా సెయ్యినే తిట్టుకున్నాను. నువ్వు సముద్రం సూసినావు."

"తప్పయిపోనాది తల్లీ."

ఆమె చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పడేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నేను తే తారిక్ తాగకుండానే ఇంటికొచ్చాను. రెండు నెలలు ఆ షాపు వైపు వెళ్ళలేదు. వీధిలో ఎదురుపడితే ఆమె తల ఊపేది, అంతే. అది కూడా నాకు ఎక్కువే.

కొత్తగా వచ్చేవాళ్ళకి నా మాట ఒకటే. మీరు బిగించే ప్రతి బిరడానీ రేపు ఇంకెవరో విప్పాలి. వాళ్ళెవరో మీకు తెలియదు, మీ గుర్తు వాళ్ళకి తెలియదు. విప్పలేకపోతే వాళ్ళు మిమ్మల్ని తిట్టరు, వాళ్ళ చేతినే తిట్టుకుంటారు. పైడయ్య చిన్నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన అవమానం పడ్డాడు, అది ఆయన భుజాల్లో ఉండిపోయింది. నేను ఏ అవమానమూ పడకుండానే దాన్ని మోశాను, ఇంకొకరి మీద దింపాను. నా తప్పు అక్కడుంది.

ఈ ఏడాది హేమ నుంచి ఫోను వచ్చింది. ఇప్పుడు ఆ గుంట ఆమెదే, టౌకే కూడా ఆమెని అడక్కుండా అందులో చెయ్యి పెట్టడు.

"తాతా, పాక్ దిన్ వ్యాను మళ్ళా వచ్చినాది. నువ్వు రా. నువ్వే ఇప్పు."

"నా మణికట్టు పోనాదే అమ్మా. సంచీ కూడా ఎత్తలేకపోతన్నాను."

"రమ్మంటన్నాను కదా లా!"

వెళ్ళాను. మెట్లు పట్టుకుని మెల్లిగా గుంటలోకి దిగాను. పైది ఆమె అప్పటికే విప్పి ఉంచింది. టార్చి వేశాను. ఆమె మూసిన బిరడా. ఈ రెండేళ్ళుగా పిల్లలతో, గతుకుల్లో, వానల్లో తిరిగిన బండి. బిరడా చుట్టూ దుమ్ము పొడిగా ఉంది. వేలితో రాశాను, నూనె జాడ లేదు. చుట్టూ తిరిగి రాశాను, ఎక్కడా లేదు. నాకు ఏడుపొచ్చింది.

మామూలు పానా పెట్టి, ఈ పనికిరాని చేత్తోనే మెల్లిగా నెట్టాను. కదిలింది. తరవాత వేళ్ళతోనే తిరిగింది.

"ఏటి తాతా, రాలేదా?" అంది పైనుంచి.

"వచ్చినాది తల్లీ, ఒక్క సేత్తోనే వచ్చేసినాది" అన్నాను.